సమస్య: "తక్కువైన వాని దౌను గెలుపు"

నిర్వాహకుడు: రాత్రి మేలుకొని మాస్టర్స్ గోల్ఫ్ పోటీ చూస్తుంటే ఈ పాదం తన్నుకొచ్చింది. ఈ ఆటలో తక్కువ షాట్లలో ముగించినవాడిదే గెలుపు కదా. ఆ పోటీ జరిగే అగస్టాలో 1934 నుంచి ఆడినవాళ్ల మీద పూరించండి, ఎవరైనా సరే. గెలిచినవాళ్లే కానక్కర్లేదు.

కృష్ణాతీరం:
మొదటి తొమ్మిదింట మునిగినట్టే యుండి
పులిగ లేచి యతడు పోరు సలిపె;
పదియు రెండు మెట్ల పై నిల్చె టైగరు;
తక్కువైన వాని దౌను గెలుపు.

1997, టైగర్ వుడ్స్. మొదటి రోజు మొదటి తొమ్మిది హోల్స్‌కు (గుంతలకు) 40 షాట్లు. చివరికి 12 షాట్ల తేడాతో గెలుపు. అప్పటికి కుర్రాడికి 21 ఏళ్లు.

గోదారిగట్టు: ఎత్తుగడ చాలా బాగుంది. కానీ రెండో పాదంలో పులి లేచాక మూడో పాదంలో మళ్లీ టైగరెందుకు? పైగా సమస్యేమో "తక్కువ" అంటుంటే మీరు "పై నిల్చె" అన్నారు. యతి కోసం తెచ్చిన "పై" అని తెలిసిపోతోంది.

ఓరుగల్లు: నేను 1986లో జాక్ నిక్లాస్ గెలుపు ఎత్తుకున్నాను. "నలుబదారు ఏళ్ల నిక్లాసు ఆటలో" దగ్గర ఆగిపోయాను. చివరి తొమ్మిది హోల్స్ 30 షాట్లలో ముగించి విజేతకిచ్చే పచ్చకోటు ఆరోసారి తొడుక్కున్న ముచ్చట చెప్పాలి.

గోదారిగట్టు: న–ని యతి కుదరదు తమ్ముడూ. "నలుబదారు ఏళ్ల నాయకుండా జాకు" అని నడిపించు.

కృష్ణాతీరం: సవరణ బాగుంది. కానీ గట్టు గారూ, పోయిన నెల వాన సమస్యలో మీ రెండో పాదం నాలుగో గణం ఇంద్రగణమైంది. అది ఇంకా అలాగే ఉంది.

గోదారిగట్టు: ఆ పద్యం వెనక్కి తీసుకున్నానని ఆ రోజే రాశాను. మీరు చూడలేదు.

అట్లాంటా అక్క:
మూడు కొట్టె, నాల్గు ముద్రపడియె కార్డు
నందు; సంతకమ్ము నతడు చేసె;
పుట్టినట్టి నాడె పోయె పచ్చని కోటు;
తక్కువైన వాని దౌను గెలుపు.

1968, అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో. చివరి రోజైన ఆ ఆదివారం ఆయనకు 45 ఏళ్లు నిండాయి. మొదటి హోల్‌లో రెండో షాటే గుంతలో పడింది. పదిహేడో హోల్ మూడు షాట్లలో ముగిస్తే, కార్డు రాస్తున్న తోటి ఆటగాడు టామీ ఆరన్ నాలుగు వేశాడు. ఈయన చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఆ రోజు మొత్తం 65 కాస్తా 66 అయింది, కోటు బాబ్ గోల్బీకి వెళ్లింది.

కృష్ణాతీరం: అక్కా, "కార్డు / నందు" విరుపు దగ్గర నా గుండె కూడా విరిగింది. ఆ పాదభంగం కథకు సరిపోయింది.

గోదారిగట్టు: పద్యానికి దణ్ణం. ఒక్క మాటే ఒప్పుకోలేను. "పోయె పచ్చని కోటు" అంటే చేతికొచ్చింది పోయినట్టు. 65 రాసి ఉన్నా నాలుగు రోజుల మొత్తంలో ఇద్దరూ 277 దగ్గర సమానమే, విజేతను తేల్చడానికి మర్నాడు 18 హోల్స్ ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చేది. "పుట్టినట్టి నాడె పోరు తప్పెను రేపు" అంటే నిజమూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది.

అట్లాంటా అక్క: నిజమే, అన్నయ్యా. కానీ కోటు తీసేస్తే అగస్టా కనబడదు. రెండు పాఠాలూ ఉంచుతాను.

ఓరుగల్లు: ఎక్కువ రాసుకుంటే అదే ఖాయం చేస్తారు సరే, తక్కువ రాసుకుంటే?

అట్లాంటా అక్క: ఆటలోంచే తీసేస్తారు. కార్డులో తక్కువైనవాడికి గెలుపు లేదు, తమ్ముడూ. అందుకే ఈ సమస్యకు ఈ కథే పట్టుకున్నాను. ఆ నాలుగు వేసిన ఆరన్ 1973లో అదే కోటు తొడుక్కున్నాడు. దాని మీద పద్యం నాకు రావడం లేదు.

నిర్వాహకుడు: ఆరన్ మీద ఎవరైనా రాయండి, గడువు ఆదివారం దాకా పెంచుతున్నాను.

కృష్ణాతీరం: నా మూడో పాదం మార్చాను. "పదియు రెండు మెట్లు పల్లాన నిలిచెను". టైగరూ లేడు, పైనా లేడు.

గోదారిగట్టు: "పల్లాన" అద్భుతం. ఈ వారం ఇదే నా ఓటు.