పార్కిన్సన్స్: మాత్ర పెంచినా పడిపోవడం ఆగట్లేదు, ఎక్కడ చూడాలి?

అడిగినది: పెద్దకోడలు

మా మామగారికి 71 ఏళ్లు, పార్కిన్సన్స్ (వణుకు, బిగుతు తెచ్చే మెదడు జబ్బు) అని తేలి ఆరేళ్లు. లెవోడోపా-కార్బిడోపా 100/25 మాత్ర ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7కి వేస్తున్నాం. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ కూడా ఉంది. రెండు నెలల్లో ఐదుసార్లు పడ్డారు. బాత్రూం గడప దగ్గర రెండుసార్లు, వంటగదిలో వెనక్కి తిరగబోతూ ఒకసారి, తెల్లవారుజామున 5 గంటలకి మంచం దిగగానే రెండుసార్లు. పగటి మోతాదు పెంచారు, వణుకు తగ్గింది గానీ పడడం తగ్గలేదు. కళ్లు తిరుగుతున్నాయంటే దగ్గర్లో ప్రోక్లోర్‌పెరజీన్ రాసిచ్చారు, పది రోజులుగా వాడుతున్నారు. నాలుగు కాళ్ల వాకర్ కొన్నాం, దాంతో ఇంకా ఎక్కువ ఆగిపోతున్నారు. ముందు ఏది సరిచేయాలి?

జవాబు 1: నరాలవైద్యం

ముందు ఆ ప్రోక్లోర్‌పెరజీన్ సంగతి. ఇవాళే మీ న్యూరాలజిస్టుకి ఫోన్ చేసి చెప్పండి. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్, లెవోడోపా దాన్నే భర్తీ చేస్తుంది. ప్రోక్లోర్‌పెరజీన్ ఆ డోపమైన్ పనిచేసే చోటునే మూసేస్తుంది, అంటే లెవోడోపా ఒకవైపు పోస్తుంటే ఇది ఇంకోవైపు ఒలికించేస్తున్నట్టు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి విరివిగా రాసే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఇదే కోవ. ఈ నాలుగు పేర్లూ కాగితం మీద రాసి ఆయన మందుల డబ్బాలో పెట్టండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించాలి. లెవోడోపాని మాత్రం మీరుగా ఒక్క పూట కూడా ఆపకండి.

ఇక పడడం. ఈ ఐదింటికీ కారణం ఒకటే అనుకోవడం వల్లే మాత్ర పెంచడం దగ్గర ఆగిపోయారు. తెల్లవారుజామున మంచం దిగగానే పడడం వేరు, గడప దగ్గర పడడం వేరు. మొదటిదానికి బీపీ చూడాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ తీయండి. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్లీ తీయండి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడినప్పుడు బీపీ జారిపోతోందని అర్థం. ఈ జబ్బులో రక్తనాళాలను బిగించే నరాలే దెబ్బతింటాయి, లెవోడోపా ఇంకొంచెం దించుతుంది, టామ్సులోసిన్ మరికొంచెం. చాలామందికి కళ్లు తిరగడం కూడా ఉండదు, మెడ వెనక, భుజాల మీద నొప్పి అంటారు, లేదా కాళ్లలో బలం లేదంటారు.

ఇంకో సంగతి. రాత్రి 7 తర్వాత మాత్ర లేదు, తెల్లవారుజాము 5కి పది గంటలైంది. ఆ వేళకి మందు దాదాపు అయిపోయి, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. బీపీ, బిగుతు రెండూ కలిసి పడేస్తుండవచ్చు. పగటి మోతాదు ఎంత పెంచినా ఆ గంటకి అందదు. పడుకోబోయే ముందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర అవసరమా అని అడగండి.

జవాబు 2: ఫిజియోథెరపీ

గడప దగ్గరా, తిరిగేటప్పుడూ పడడం గురించి రాస్తాను. కాళ్లు నేలకి అతుక్కుపోయి, ఒంటి పైభాగం ముందుకు సాగిపోతుంది కదా, దాన్నే ఫ్రీజింగ్ అంటాం. ఇరుకు గుమ్మం, గడప, మూల మలుపు, చెయ్యవలసిన తొందర ఉన్నచోటే వస్తుంది.

అప్పుడు ఇంట్లోవాళ్లు చేసే తప్పు, చెయ్యి పట్టి ముందుకి లాగడం. పైభాగం వస్తుంది, పాదాలు రావు, బోర్లా పడతారు. "రండి రండి" అనీ అనకండి. చేయాల్సింది ఇది: ఆగండి అనాలి. ఒక్క దీర్ఘశ్వాస. వెన్ను నిటారుగా. బరువు కుడికీ ఎడమకీ రెండు మూడుసార్లు ఊపాలి. ఆ తర్వాత ఒక పెద్ద అడుగు, మడమ ముందు నేలకి తగిలేలా. మీ పాదం ఆయన ముందు అడ్డంగా పెట్టి దాన్ని దాటమనండి, చాలామందికి వెంటనే కదలిక వస్తుంది. కంటికి ఒక గీత కనిపిస్తే మెదడు వేరే దారిలో అడుగుకి ఆజ్ఞ ఇస్తుంది కాబట్టి. బాత్రూంకి దారిలో నేలకి విరుద్ధమైన రంగు టేపు, 3-4 సెం.మీ. వెడల్పు, 40-50 సెం.మీ. ఎడంతో అడ్డంగా అంటించండి. నల్ల గ్రానైట్ అయితే పసుపు, తెల్ల టైల్స్ అయితే ముదురు నీలం. గడపకి ముందూ తర్వాతా రెండేసి గీతలు ఉండాలి, గడప దాటాక ఆగిపోతే వెనకున్నవాళ్లు కూడా ఢీకొంటారు.

తిరగడం: ఒక పాదం మీద గిర్రున తిరగకూడదు. గడియారం ముల్లులా 12 నుంచి 3కి, 3 నుంచి 6కి చిన్న చిన్న అడుగులు వేయాలి, చోటుంటే అరచక్రంలా నడుస్తూ తిరగాలి. వంటగదిలో పడడం ఇక్కడే జరుగుతుంది, చేతిలో గ్లాసు ఉండి, మాట్లాడుతూ, వెనక్కి తిరుగుతారు. నడక వాళ్లకి దానంతటదే సాగదు, ప్రతి అడుగూ ఆలోచించి వేయాలి. మధ్యలో ఇంకో పని పెడితే అడుగు పోతుంది. నడిచేటప్పుడు ఫోన్ ఇవ్వకండి, ప్రశ్నలు అడగకండి.

వాకర్ విషయంలో మీరు గమనించింది నిజమే. ఎత్తి పెట్టే నాలుగు కాళ్ల వాకర్‌తో ప్రతి అడుగుకీ ఆగాలి, అదే ఫ్రీజింగ్‌ని పిలుస్తుంది. చక్రాలూ చేతిబ్రేకులూ ఉన్నది ప్రయత్నించండి, కానీ ముందు ఫిజియోతో చూపించుకుని, తొందరపడి నడిచేవారికి బండి చేజారిపోతుందేమో పరీక్షించాకే.

కసరత్తుల్లో తై చి (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) గురించి ఒక మాట. 2012లో 195 మంది పార్కిన్సన్స్ రోగుల మీద వారానికి రెండుసార్లు చొప్పున ఆరునెలలు చేసిన అధ్యయనంలో, కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవారి కంటే తై చి చేసినవారు తక్కువ పడ్డారు. నేర్పేవారు దొరక్కపోతే బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చే కసరత్తు, వంటగట్టు పట్టుకుని పక్కకి నడక, చేతులున్న కుర్చీ నుంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం రోజూ చేయించండి. మందు బాగా పట్టిన గంటలోనే.

పెద్దకోడలు

డాక్టరు ప్రోక్లోర్‌పెరజీన్ ఆపేశారు. బీపీ చూశాం. పడుకున్నప్పుడు 142/84. నిలబడి 1 నిమిషానికి 118/72, 3 నిమిషాలకి 108/66.

జవాబు 1: నరాలవైద్యం

పై అంకె 34, కింది అంకె 18 పడింది. ఇదే మీకు తెల్లవారుజామున ఎదురవుతున్నది. ఈ అంకెలు టామ్సులోసిన్ రాసిన డాక్టరుకీ, న్యూరాలజిస్టుకీ ఇద్దరికీ చూపించండి, మందు మార్చేది వాళ్లే. మీ వంతు: మంచం తలవైపు కాళ్ల కింద గట్టి దిమ్మలు పెట్టి 15-20 సెం.మీ. ఎత్తండి, రెండు దిండ్లు వేయడం దీనికి సరిపోదు, నడుం దగ్గర వంగుతారు. లేచేముందు పడుకునే పాదాలు ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడించి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. గుండె, మూత్రపిండాల సమస్య ఉంటే నీళ్లు డాక్టర్ని అడిగే పెంచండి. కడుపునిండా భోజనం, వేడినీళ్ల స్నానం అయ్యాక కూడా అరగంట జాగ్రత్త. రాత్రి మూత్రానికి మంచం పక్కనే సీసా పెట్టండి, ఐదింటికి నడక అనేదే లేకుండా పోతుంది. మాత్ర భోజనానికి అరగంట ముందు వేయండి, పప్పు, గుడ్డు, పాలతో కలిపితే పేగుల్లోంచి సరిగ్గా పట్టదు.

జవాబు 3: ఇంటి సంరక్షణ

గడప గురించి ఒక్క ముక్క. చాలామంది బాత్రూం నీళ్లు హాల్లోకి రాకుండా గడప ఎత్తుగా కట్టిస్తారు. తీయలేకపోతే అంచుకి పసుపు రంగు పట్టీ వేసి, పక్క గోడకి స్టీలు కడ్డీ బిగించండి. టవల్ వేసే కడ్డీ కాదది, మనిషి బరువు ఆపేది. గోడలో లోతుగా యాంకర్ బోల్టు వేయించాలి. గుమ్మం దగ్గర పట్టా, డోర్‌మ్యాట్ తీసేయండి. లుంగీ పాదాల కిందకి జారుతుంది, నాడా ఉన్న పైజామా మేలు. వెనక పట్టీ లేని చెప్పులు వద్దు.

పడిపోయాక వెంటనే లేపకండి. తల తగిలిందా, తొడ, తుంటి నొప్పి ఉందా చూడండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తలకి చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికే. ఏ దెబ్బా లేదని తేలితే పక్కకి దొర్లించి, మోకాళ్ల మీదకి రమ్మని, దగ్గరికి కుర్చీ తెచ్చి దానిమీద చేతులు పెట్టించి, బలమైన కాలు ముందుకి వేయించి లేపాలి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తితే భుజం పట్టేస్తుంది, మీ నడుమూ పోతుంది.

ఆసుపత్రిలో చేరాల్సివస్తే మాత్రల వేళలు రాసిన కాగితం కేస్‌షీటుతో పాటు పెట్టించండి, ఆపరేషన్ రోజు కూడా లెవోడోపా ఎప్పుడు, ఎలా ఇస్తారో ముందే అడగండి. ఇకమీదట ఎప్పుడు పడినా ఒక పుస్తకంలో గంట, చోటు, ఏం చేస్తూ, ఏ వైపుకి పడ్డారు, చివరి మాత్ర ఎంతసేపటి క్రితం వేసుకున్నారు అన్నవి రాసుకోండి. తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుకి ముందు ఆ పుస్తకం ఇవ్వండి.