డ్రగ్ ఇంటరాక్షన్లు అన్నీ బట్టీ పట్టాలా? షాపులో దేన్ని చూసుకోవాలి?

అలిపిరి_డీఫార్మ్: తిరుపతిలో డీ ఫార్మసీ రెండో ఏడాది, సాయంత్రాలు మెడికల్ షాపులో ట్రైనింగ్. కొండ నడిచొచ్చినవాళ్లు మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ అడుగుతారు, వాళ్లలో చాలామంది బీపీకో గుండెకో మాత్రలు వాడేవాళ్లే, చీటీ మాత్రం ఊళ్లో ఇంట్లో ఉంటుంది. ఒక మందు ఇంకో మందు పనిని మార్చేయడమే డ్రగ్ ఇంటరాక్షన్, పుస్తకంలో వాటి పట్టికలు చూస్తేనే టెన్షన్. నమ్మదగింది ఏముంది అన్నా?

చిత్తూరు_ఫార్మసిస్ట్: బట్టీ వద్దు తమ్ముడూ, ఎందుకు జరుగుతుందో పట్టుకో. కొన్ని మందులు ఇంకో మందు రక్తంలో ఉండే మోతాదునే మార్చేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్ వాడే మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తోడైతే కాలేయంలో దాన్ని కరిగించే ఎంజైము నెమ్మదించి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష అంకె) పెరుగుతుంది, రక్తస్రావం కావచ్చు. టీబీకిచ్చే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు, ఎంజైముల్ని పెంచి అసిట్రోమ్ చాలకుండా చేస్తుంది, ఆపేశాక కూడా ఆ ప్రభావం పోవడానికి దాదాపు 2 వారాలు పడుతుంది, అందుకే ఈమధ్య ఏం మానేశారో కూడా అడగాలి. ఇంకొన్నిటిలో మోతాదు మారదు, పనులే ఒకదానిమీద ఒకటి పడతాయి. నువ్వు చెప్పింది ఇదే. టెల్మిసార్టన్ హెచ్ అంటే బీపీ మందుతోపాటు మూత్రం ఎక్కువ చేసే మందు కూడా అందులోనే ఉంది, దానికి డైక్లోఫెనాక్ కలిసి, పైగా మనిషి చెమటలు కక్కి నీళ్లు తాగకుండా ఉంటే కిడ్నీలకు ప్రమాదం. అసలు డైక్లోఫెనాక్ మాత్ర షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వనే కూడదు.

పద్మావతిపురం_అక్క: పుస్తకాల సంగతి నేను చెప్తా. ఇండియన్ ఫార్మకోపియాలో ఇది వెతకొద్దు, అది మందు నాణ్యతకు. ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ వేసే నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా చూడు, వివరంగా కావాలంటే కాలేజీ లైబ్రరీలో స్టాక్లీ అనే డ్రగ్ ఇంటరాక్షన్ల పుస్తకం. ఫోన్‌లో ఇంటరాక్షన్లు చూసే మెడ్‌స్కేప్ చెకర్ ఉచితమే, కానీ అందులో మన బ్రాండ్ పేర్లు కొట్టకు, జెనెరిక్ పేరే, అంటే లోపలి మందు అసలు పేరే కొట్టు, కాంబినేషన్ మాత్రయితే లోపలున్న ఒక్కో మందూ విడిగా. ఇలా చేయక చాలామంది ఇంటరాక్షన్ ఏమీ లేదనుకుంటారు, నాకు అదే భయం.

అలిపిరి_డీఫార్మ్: థాంక్స్ అక్కా. మరి స్ట్రిప్ లేదు, పేరూ తెలీదు, “గుండెకు చిన్న తెల్ల మాత్ర” అంటే?

చిత్తూరు_ఫార్మసిస్ట్: ఇంటికి ఫోన్ చేయించి స్ట్రిప్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించు. రాకపోతే నొప్పి మాత్ర ఇవ్వకు, డాక్టర్ దగ్గరికి పంపు.