సీజన్ మధ్యలో యార్డులు పడిపోతే తప్పు క్వార్టర్‌బ్యాక్‌దా, రిసీవర్‌దా?

థర్డ్ అండ్ లాంగ్ (ప్రశ్న):

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్ సగానికొచ్చింది, ప్రతి శనివారం రాత్రి అదే రచ్చ. నేను ఫాలో అయ్యే టీమ్‌లో నంబర్ వన్ రిసీవర్ (పాస్ పట్టేవాడు) సెప్టెంబర్‌లో చిన్న జట్ల మీద చెలరేగిపోయాడు. కాన్ఫరెన్స్ ఆటలు (తమ లీగ్ జట్లతో ఆడేవి) మొదలయ్యాక కనిపించడమే మానేశాడు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) కంప్లీషన్ శాతం, అంటే విసిరిన వాటిలో మనవాళ్లు పట్టినవి, పెద్దగా తగ్గలేదు గానీ ఒక్కో త్రోకి వచ్చే యార్డులు బాగా పడిపోయాయి. సగం మంది "బ్యాకప్‌ని దింపండి" అంటారు. మిగతా సగం "రిసీవర్ విడిపించుకోలేకపోతుంటే విసిరేవాడేం చేస్తాడు" అంటారు. ఈ రెండో వర్గం వాళ్లకి 2019 ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) ఒక బ్రహ్మాస్త్రం: జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లు పక్కనుంటే ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా జో బరో అయిపోతాడట.

మనం టీవీలో చూసేవాళ్లం, కోచ్‌లు చూసే ఫిల్మ్ మన చేతికి రాదు. తప్పు ఎవరిదో తేల్చాలంటే ఏం చూడాలి? స్టాట్స్‌లో ఏది నమ్మొచ్చు?

బాక్స్ స్కోర్:

ఎల్‌ఎస్‌యూతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అది వాళ్ల వాదనకే అడ్డం తిరుగుతుంది. 2018లో కూడా బరో, జెఫర్సన్, చేజ్ ముగ్గురూ అదే జట్టులో ఉన్నారు. ఆ ఏడు బరో 57.8 శాతం, 2,894 యార్డులు, 16 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి చేసే స్కోరు). జెఫర్సన్‌కి 875 యార్డులు, ఫ్రెష్‌మన్ చేజ్‌కి 313. మరుసటి ఏడు బరో 76.3 శాతం, 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్లు. చేజ్ 1,780, జెఫర్సన్ 1,540. మనుషులు వాళ్లే. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు, ఐదుగురినీ రూట్లకి (పాస్ కోసం పరుగెత్తే దారులు) పంపే ఆట పెరిగింది, జెఫర్సన్ ఎక్కువగా స్లాట్‌లో (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య) ఆడాడు. ముగ్గురికీ ఒక ఏడాది అనుభవం కలిసొచ్చింది, అదీ కాదనను. కానీ "రిసీవర్లుంటే చాలు" అనేవాళ్లు 2018కి జవాబు చెప్పాలి.

ఇక స్టాట్స్. కాలేజ్ పాసర్ రేటింగ్‌కి యార్డుల్ని 8.4తో, టచ్‌డౌన్లని 330తో, కంప్లీషన్లని 100తో హెచ్చవేసి కలుపుతారు. అందులోంచి ఇంటర్‌సెప్షన్‌కి (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్) 200 చొప్పున తీసేసి, మిగిలినదాన్ని మొత్తం త్రోలతో భాగిస్తారు. 30 త్రోల్లో 20 కంప్లీషన్లు, 240 యార్డులు, 2 టచ్‌డౌన్లు, 1 ఇంటర్‌సెప్షన్ అనుకోండి: 149.2 వస్తుంది. అదే ఆటలో రిసీవర్ చేతుల్లోంచి జారిన 30 యార్డుల టచ్‌డౌన్ పాస్ ఒకటి పట్టి ఉంటే 171.9. ఆ ఇంటర్‌సెప్షన్ కూడా రిసీవర్ చేతికి తగిలి పైకి లేచిందే అయ్యి, అలా లేవకుండా నేలపాలై ఉంటే 178.6. క్వార్టర్‌బ్యాక్ విసిరిన తీరులో వెంట్రుకవాసి తేడా లేదు, రేటింగ్ మాత్రం 29 పాయింట్లు కదిలింది. ఒక్క ఆట రేటింగ్ పట్టుకుని తగువులాడటం దండగ అనేది ఇందుకే.

ఇంకో మెలిక ఉంది. కాలేజ్ లెక్కల్లో శాక్‌లో (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పోయిన యార్డులు రన్నింగ్ ఖాతాలోంచి పోతాయి, పాసింగ్‌లోంచి కాదు. బంతి పట్టుకుని తాత్సారం చేసి ఐదుసార్లు శాక్ అయినవాడి పాసింగ్ లైన్ కూడా ముచ్చటగానే కనిపిస్తుంది. మీ టీమ్‌లో శాతం నిలబడి యార్డులు తగ్గాయంటున్నారు కాబట్టి, లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (ఆట మొదలయ్యే గీత) వెనక పట్టిన బంతులు ఎన్నో ముందు విడిగా లెక్కేయండి. స్క్రీన్లు, బబుల్స్ లాంటి ఈ పొట్టి పాస్‌లు పెరిగుంటే ఆ శాతానికి విలువ లేదు.

స్లాట్ మెషీన్:

లెక్కలు సరే, టీవీలో చూడగలిగేది కూడా చాలానే ఉంది. మామూలు కెమెరాలో సేఫ్టీలు (అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్లు), రూట్ల పై సగం ఫ్రేమ్ దాటిపోతాయి, కాబట్టి లైవ్‌లో తీర్పు చెప్పకండి. ఎండ్‌జోన్ వెనకనుంచి వేసే రీప్లే వచ్చినప్పుడు ఆపి చూడండి.

మొదటిది, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలెట్టడం) నుంచి బంతి చేయి వదిలేదాకా ఎంతసేపో చూడండి. స్లాంట్, హిచ్ లాంటి పొట్టి రూట్లు రెండు సెకన్ల లోపే పోవాలి. 12 నుంచి 15 యార్డుల డిగ్ (లోపలికి మలుపు), అవుట్ (సైడ్‌లైన్ వైపు మలుపు), కర్ల్ (వెనక్కి తిరగడం) అయితే రెండున్నర చుట్టుపక్కల. మూడు దాటిందంటే రెండే కారణాలు: ఎవరూ ఓపెన్‌గా లేరు, లేదా ఓపెన్‌గా ఉన్నవాడు కంటికి ఆనలేదు.

రెండోది, బంతి చేయి వదిలిన క్షణంలో ఆపి రిసీవర్‌ని చూడండి. అవుట్, కర్ల్, కమ్‌బ్యాక్ రూట్లలో అతను తల తిప్పకముందే బంతి గాల్లో ఉండాలి. అతను తిరిగి నిలబడ్డాక చేయి కదిలిందంటే అది ఆలస్యం. ఆ అరసెకనులో కార్నర్ (రిసీవర్‌ని కాచే డిఫెండర్) మూడు నాలుగు యార్డులు దూసుకొస్తాడు. బయటికి చూస్తే మాత్రం "రిసీవర్‌కి సెపరేషన్ (డిఫెండర్‌తో ఎడం) లేదు" అన్నట్టే ఉంటుంది. సెపరేషన్ ఉంది, ఉన్నప్పుడు బంతి రాలేదు.

మూడోది బంతి ఎక్కడ పడిందనేది. స్లాంట్‌లో రిసీవర్ ఛాతీకి ఒక అడుగు ముందు పడాలి, అప్పుడే పరుగు ఆగదు. వెనక తుంటి దగ్గర పడితే నడుం మెలితిప్పి పట్టుకుని అక్కడే కూలబడతాడు: ఆరు యార్డులు, కంప్లీషన్. ముందు పడి ఉంటే అదే ఆట 25 యార్డులు పోయేది. బాక్స్ స్కోర్ ఈ రెంటినీ కంప్లీషన్ అనే రాసుకుంటుంది. మీ క్వార్టర్‌బ్యాక్ శాతం చెక్కుచెదరకుండా యార్డులు తగ్గడానికి ఇదొక కారణం కావచ్చు, క్యాచ్ తర్వాత వచ్చే యార్డులు విడిగా చూస్తే తెలిసిపోతుంది.

రిసీవర్ తప్పులు వేరే రకం. కార్నర్ ప్రెస్‌లో ఉంటే లైన్ దగ్గరే చేతులతో తగులుకుంటాడు. అక్కడ బయటపడటానికి ఒక సెకను పోయిందంటే రూట్ మొత్తం క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అడుగుల లెక్కతో కలవదు. గో రూట్‌లో (నేరుగా ముందుకి పరుగు) రిసీవర్‌కీ సైడ్‌లైన్‌కీ మధ్య నాలుగైదు యార్డులు మిగలాలి, బంతి దిగేది ఆ సందులోకే. కార్నర్ నెట్టుకుంటూ పోయి గీత అంచుకి చేర్చేస్తే బంతి బయట పడుతుంది, స్టాండ్స్‌లో "ఓవర్‌త్రో" అని అరుపులు. అది విసిరినవాడి తప్పు కాదు.

ఒక్కటి మాత్రం టీవీ చూసి ఎవరూ తేల్చలేరు: ఆప్షన్ రూట్. ఎదుటి డిఫెన్స్ జోన్ (చోటుని కాచేది) అయితే ఆగాలి, మ్యాన్ (మనిషిని కాచేది) అయితే కొనసాగాలి. ఇద్దరూ చెరొకటి చదివితే ఎవరూ లేని చోట బంతి పడుతుంది. ఎవరు తప్పు చదివారో టీమ్ మీటింగ్ గదిలో ఉన్నవాళ్లకే తెలుసు. కామెంటేటర్లు చెప్పేది కూడా ఊహే.

థర్టీన్ పర్సనెల్:

స్కీమ్, టైమింగ్ అంటూ రిసీవర్‌ని మరీ కూరలో కరివేపాకులా తీసిపారేస్తున్నారు. 2020 అలబామా చూడండి. అక్టోబర్‌లో టెనెసీ మీద ఓపెనింగ్ కిక్ఆఫ్‌లోనే రిసీవర్ జేలన్ వాడిల్ గాయపడి వెళ్లిపోయాడు. ఇక బంతి ఇంకో రిసీవర్ డెవాంటా స్మిత్‌కే వస్తుందని స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా 117 క్యాచ్‌లు, 1,856 యార్డులు, 23 టచ్‌డౌన్లు, హైస్‌మన్ (ఏటా మేటి కాలేజ్ ఆటగాడికిచ్చే ట్రోఫీ). 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత ఒక వైడ్ రిసీవర్‌కి అది దక్కడం అదే మొదలు. ఫైనల్‌లో ఒహాయో స్టేట్ మీద ఫస్ట్ హాఫ్‌లోనే 12 క్యాచ్‌లు, 215 యార్డులు, 3 టచ్‌డౌన్లు. కోఆర్డినేటర్ సర్కీసియన్ మోషన్లతో (స్నాప్‌కి ముందు ఆటగాణ్ని చోటు మార్చడం) దారి చేశాడు, ఒప్పుకుంటా. ఆ దారిలో అలా విడిపించుకుని పరుగెత్తడం అందరి వల్లా అయ్యే పని కాదు. క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్ 77.4 శాతంలో స్మిత్ వాటా ఎంతుందో మీరే ఆలోచించండి.

అలాగని మొత్తం యార్డులు చూసి రిసీవర్‌ని తూచకండి. జోర్డన్ ఆడిసన్ 2021లో పిట్‌లో (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్‌తో 100 క్యాచ్‌లు, 1,593 యార్డులు, 17 టచ్‌డౌన్లతో మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు గెలిచాడు. మరుసటి ఏడు యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వెళ్తే 59 క్యాచ్‌లు, 875 యార్డులు, 8 టచ్‌డౌన్లు. అక్కడ విసిరింది ఆ ఏడు హైస్‌మన్ గెలిచిన కేలబ్ విలియమ్స్! గాయంతో కొన్ని ఆటలు పోయాయి, బంతులు ఎక్కువమందికి పంచారు. ఆడిసన్ ఏమీ ఆట మర్చిపోలేదు.

అందుకే పరుగెత్తిన ఒక్కో రూట్‌కి ఎన్ని యార్డులు అన్న లెక్క చూడండి. 2 దాటితే బాగున్నట్టు, 3 దాటితే ఆ ఏడు దేశంలో పై వరుసలో ఉన్నట్టు. సెప్టెంబర్ ఆటలు తీసేసి కాన్ఫరెన్స్ ఆటలకే వేయండి, అసలు సంగతి బయటపడుతుంది.

థర్డ్ అండ్ లాంగ్:

థాంక్స్ అందరికీ. గత రెండు ఆటల రీప్లేలు చూశాను. రెండు విషయాలు తేలాయి. థర్డ్ డౌన్‌లో (10 యార్డుల కోసం మూడో ప్రయత్నం) మిస్ అయిన వాటిలో సగం పైగా విశాలమైన వైపుకి వేసిన అవుట్ రూట్లే. రెండోది, నంబర్ వన్ ఉన్న వైపుకి సేఫ్టీ ముందే ఒరుగుతున్నాడు. ఇది చూసి ఏం అనుకోవాలి?

ఫార్ హ్యాష్:

మొదటిదానికి కొలతలే సమాధానం. మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజ్‌లో రెండు హ్యాష్‌ల (ఆట మొదలెట్టడానికి బంతి పెట్టే గుర్తుల వరసలు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఎడమ హ్యాష్ మీదుంటే ఎడమ సైడ్‌లైన్ 20 యార్డుల్లో, కుడి సైడ్‌లైన్ 33 యార్డుల పైచిలుకు దూరంలో ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ లైన్‌కి 7 యార్డులు వెనకున్నాడు, 12 యార్డుల అవుట్‌ని రిసీవర్ గీతకి 2 యార్డుల లోపల పట్టాలి అనుకుందాం. దగ్గరి వైపైతే బంతి దాదాపు 26 యార్డులు ప్రయాణిస్తుంది, దూరపు వైపైతే 36కి పైనే. ప్లే షీట్‌లో రెండూ ఒకటే రూట్. గంటకి 50 మైళ్ల బంతికి ఆ పది యార్డులు 0.4 సెకను. కార్నర్‌కి అది మూడు యార్డులు, అంటే పిక్ సిక్స్ (పాస్ లాక్కుని ఎదురు టచ్‌డౌన్ చేయడం).

కాబట్టి మీ లెక్కలో దగ్గరి వైపు అవుట్‌లు, దూరపు వైపు అవుట్‌లు వేరు చేయండి. దగ్గరి వైపు బాగానే పడుతుంటే అది చేయి బలం సమస్య. ఆ చేయికి ఆ రూట్ పిలుస్తున్న కోఆర్డినేటర్‌ని కూడా అడగాలి. రెండు వైపులా ఆలస్యమే అయితే చూపు సమస్య, అది పెద్ద రోగం.

జోన్ బస్టర్:

రెండోది నేను చెప్తా. సేఫ్టీ ఒరుగుతున్నాడంటే బ్రాకెట్, అంటే ఒకే రిసీవర్‌కి ఇద్దరు కాపలా: ఒకడు కిందా లోపలా, ఇంకొకడు పైనా. రిసీవర్ "కనిపించకపోవడం" అతని వైఫల్యమే కానక్కర్లేదు. 2024 సీజన్ ప్లేఆఫ్‌లో టెక్సస్ ఇలాగే ఒహాయో స్టేట్ రిసీవర్ జెరమయా స్మిత్‌ని కట్టేసింది. కాటన్ బౌల్‌లో అతనికి ఒక్క క్యాచ్, 3 యార్డులు. ఒహాయో స్టేట్ 28-14తో గెలిచింది, హాఫ్‌కి ముందు ట్రెవియన్ హెండర్సన్ స్క్రీన్ పాస్ పట్టుకుని 75 యార్డులు పరుగెత్తాడు. అందరి కళ్లూ ఒకడి మీదుంటే మిగతా పది మందికీ చోటు దొరుకుతుంది. పది రోజుల తర్వాత ఫైనల్‌లో, 31-23 దగ్గర థర్డ్ అండ్ 11లో (మూడో ప్రయత్నం, ఇంకా 11 యార్డులు కావాలి), నోటర్ డామ్ స్మిత్ మీద ఒక్కడినే వదిలింది. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ క్షణం ఆలోచించలేదు: 56 యార్డులు, ఆట ముగిసినట్టే.

మీరు చూడాల్సింది అదే. సేఫ్టీ ఒరిగిన ఆటల్లో మీ క్వార్టర్‌బ్యాక్ ఎటు విసిరాడు? బ్రాకెట్‌లోకే గుచ్చుతున్నాడంటే తప్పు అతనిది. రెండో రిసీవర్‌కో టైట్ ఎండ్‌కో విసిరినా వాళ్లు ఒంటరి కవరేజ్‌లో గెలవట్లేదంటే అది రోస్టర్ లోటు, బ్యాకప్ వచ్చినా అదే కథ. సేఫ్టీ ఒరగని ఆ నాలుగైదు స్నాప్‌లలో నంబర్ వన్ వైపు చూడనే లేదంటే మాత్రం బ్యాకప్ అడిగేవాళ్లతో నేనూ గొంతు కలుపుతా. స్నాప్‌కి ముందు మోషన్ వేస్తున్నారా, అతన్ని స్లాట్‌కి మారుస్తున్నారా అన్నది కూడా చూడండి. ప్రతిసారీ ఒకే చోట నిలబెడితే బ్రాకెట్ పెట్టడం ఎవరికైనా తేలికే.

థర్టీన్ పర్సనెల్:

ఒక చిన్న చేర్పు. కాలేజ్‌లో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి (పాస్ పట్టబోయేవాణ్ని అడ్డుకునే తప్పు) ఎంత లోతున చేసినా శిక్ష 15 యార్డులకి మించదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లోలా ఎంత దూరమైనా తప్పు జరిగిన చోటుకి బంతి పోదు. 40 యార్డుల దగ్గర ఓడిపోయిన కార్నర్ తెలివైనవాడైతే చొక్కా పట్టి లాగేస్తాడు, టచ్‌డౌన్ కన్నా 15 యార్డులు నయం. ఆ ఫ్లాగ్‌లు రిసీవర్ ఖాతాలోనూ పడవు, క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనూ పడవు. ప్లే బై ప్లే తీసి, నంబర్ వన్ మీద ఎన్ని పడ్డాయో రాసుకుని అప్పుడు చెప్పండి.