కింశుకం: "ఇది చిలుకా?"

"కింశుకంలో శుకం అంటే చిలుకే కదా, మోదుగ పువ్వుకి ఆ పేరెందుకు?" అని నిన్న ఒకరు అడిగారు.

చిలుకేనండీ. కిం శుకః? ఇది చిలుకా? అని మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. మోదుగ పువ్వుని చేతిలోకి తీసుకుని చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు, ఆ వంగిన ఎర్రటి రేక అచ్చం చిలుకముక్కే. ఋతుసంహారంలో కాళిదాసు "కిం కింశుకైః శుకముఖచ్ఛవిభిః" (చిలుక ముఖపు ఛాయ గల కింశుకాలు) అంటూ ఈ మాటతోనే ఆడుకున్నాడు.

దీని ఇంకో పేరు పలాశం. ఆ మాటకి అసలు అర్థం ఆకు. పద్మపలాశాక్షుడు అన్నప్పుడు ఉన్నది ఆ పలాశమే. తమాషా ఏంటంటే, ఫాల్గుణంలో చెట్టు విరగబూసే సమయానికి ఆకులన్నీ దాదాపు రాలిపోయి ఉంటాయి! మనకి మాత్రం ఆకుతోనే చుట్టరికం ఎక్కువ: మోదుగాకు విస్తళ్ళు. వడుగులో వటువు చేతికిచ్చే పాలాశదండం కూడా ఈ చెట్టుదే. తెలంగాణలో మోతుకు అంటారు, హోళీకి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీస్తారు.

ఇక నా పేచీ అంతా ఈ నీతిశ్లోకంతో: "విద్యాహీనా న శోభంతే నిర్గంధా ఇవ కింశుకాః". రూపం, యౌవనం, గొప్ప వంశం అన్నీ ఉన్నా చదువు లేనివాళ్ళు వాసన లేని మోదుగపూలలా రాణించరట. చదువు సంగతి సరే, మధ్యలో మోదుగ చేసిన తప్పేంటి? వాసన పురుగుల్ని పిలవడానికి. మోదుగ పిలిచేది పిట్టల్ని. వాటి కంటికి ఆనాలంటే రంగు కావాలి. అందుకే ఆ నిప్పులాంటి ఎరుపు, అడుగున మఖమల్ లాంటి నల్లటి తొడుగు, లోపల బోలెడు తేనె. తేనెపిట్టో గోరువంకో వచ్చి ముక్కు పెడితే పుప్పొడి అంటుకుని పక్క చెట్టుకి చేరుతుంది. శ్లోకం రాసినాయన ముక్కుతో చూశాడు, అంతే.

ప్రశ్న: బాగుందండీ. మోదుగ, మోదుగు, ఏది సరైనది? చిలుకలు కూడా ఆ పూల మీద వాలతాయా?

జవాబు: రెండూ వాడుకలో ఉన్నవే, దేన్నీ తప్పనలేం. చిలుకలు వాలతాయి, కానీ మర్యాదగా తేనె తాగి పోవు, పూలని కొరికి కింద పారేస్తాయి. ఆ సమయంలో దూరం నుంచి చూస్తే ఏది పువ్వో ఏది ముక్కో తెలియదు. "కిం శుకః" అని మొదట అడిగినవాడు నిజంగానే అడిగాడేమో!