అమ్మమ్మ బొంతని గోడకి తగిలించాలి, ఎలా?

మా అమ్మమ్మ పాత నేత చీరలు నాలుగు పొరలు పరిచి, పొడుగు కుట్లతో కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉంది. మధ్యలో తాతయ్య పంచె ముక్క, ఓ మూల నా చిన్నప్పటి గౌను జేబు, అందులో ఇప్పటికీ రెండు వేళ్లు దూరతాయి. ఖాళీ చోట్ల ఆవిడ రోజూ వాడిన రోలు, చేట, కిరసనాయిలు స్టవ్వు గొలుసుకుట్టుతో కుట్టి గోడకి తగిలిద్దామని మొదలుపెట్టా. చిక్కేంటంటే పై చీర చివికిపోయింది, సూది దించితే చాలు పర్రుమని చిరుగుతోంది. పైన సన్నటి నెట్ గుడ్డ కప్పి దాని మీద కుట్టనా, లేక ఇస్త్రీతో అతికే ఫ్యూజింగ్ వాడితే బిగుసుకుపోయి ఇంకా పాడవుతుందా? ఎర్ర అంచు రంగు దిగుతోంది, తడిగుడ్డతో రుద్ది చూశా. మరి ఉతక్కుండా కలరా ఉండల వాసన పోయేదెలా? టైలర్‌ని అడిగితే కొత్త దుప్పటి కొనుక్కోమన్నాడు (ఆయనకేం తెలుసు!). ఇలాంటివి చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.