ట్రైలర్ లెవెల్ చేయడానికి మూల జాకీలు సరిపోతాయా, చక్రాల కింద పట్టెలు వేయాలా?

కళింగపట్నం బండి:
శనివారం సముద్రం దగ్గర, కారు వెనక తగిలించి లాక్కెళ్లి లోపల పడుకునే మా చిన్న ట్రైలర్ ఆపితే ఎడమ చక్రం ఇసుకలో నాలుగు వేళ్లు దిగింది. మూలల్లో ఉన్న నాలుగు జాకీలూ తిప్పి ఎత్తేశాను, రసమట్టంలో బుడగ మధ్యకొచ్చింది. పొద్దున్నకి తలుపు చట్రంలో పట్టేసింది, పిల్లాణ్ణి కిటికీలోంచి దింపి బయటినుంచి లాగించాల్సి వచ్చింది. జాకీలతో ఎత్తడమే తప్పని మా బావ అంటున్నాడు. మరవి ఎందుకిచ్చినట్టు?

రాజాం కుర్రోడు:
బావ చెప్పిందే రైటన్నా. మూల జాకీలు బండి ఊగకుండా పట్టుకోవడానికే. బరువు చక్రాల మీదా ముందున్న ముక్కు జాకీ మీదా ఉండాలి, మూల పట్టుకుని ఎత్తితే ఛాసిస్ మెలి తిరిగి తలుపు పట్టేస్తుంది. కారు విప్పకముందే పల్లపు చక్రాన్ని పలక మీదికి ఎక్కించి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, అప్పుడు కారు తప్పించి ముక్కు జాకీతో ముందువెనకల వాలు చూసుకోవాలి. మూల జాకీలు ఆఖర్న, నేలకు ఆని కాస్త బిగిసేదాకా. ఎడ్లబండి విప్పేటప్పుడు చక్రం కింద రాయి పెట్టమా ఏంటి?

చీపురుపల్లి పెద్దాయన:
ఏటి బాబూ ఈ చాదస్తం! తాటిపూడి దగ్గర గట్టి నేల మీద ఐదేళ్లుగా జాకీలతోనే ఎత్తుతున్నాను, ఏమీ కాలేదు. మా ఆవిడ వెనక నిలబడి ఇంకా ఇంకా అని అరుస్తుంటే నేను పలక మీదికి రివర్స్ చేయడం ఈ వయసులో అయ్యే పనేనా? పడుకోవడానికి తలవైపు ఎత్తుగా ఉంటే చాలదూ?

రాజాం కుర్రోడు:
గురువు గారూ, మీది గట్టి నేల, ఆయనది ఇసుక. అరచేయంత జాకీ పాదం మీద బరువు పడితే దిగబడుతుంది, నాలుగూ ఒకేలా దిగవు కూడా. ఫ్రిజ్ సంగతీ ఉంది. గ్యాస్‌తో నడిచే అబ్జార్ప్షన్ రకమైతే లోపలి అమ్మోనియా ద్రవం వాలుకి జారుతూ తిరగాలి, బండి బాగా ఒరిగితే తిరగదు, అలాగే నడిపితే ఫ్రిజ్ పాడవుతుంది. ఇంట్లో ఉండే కంప్రెసర్ రకానికి ఆ టెన్షన్ లేదు.

చీపురుపల్లి పెద్దాయన:
నాది కంప్రెసరే. జాకీల మాట మాత్రం ఒప్పుకోను.

బారువ అక్క:
మేం పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన తాటిపట్టె ముక్కలు వేస్తాం, జాకీ పాదాల కింద కూడా. ఇటుకలు మాత్రం పెట్టొద్దు, మాకు నడిమికి పగిలాయి.

కళింగపట్నం బండి:
జాకీలు వదులు చేయగానే తలుపు దానంతటదే వచ్చేసింది. బావకి ఇంకా చెప్పలేదు. పట్టె ఎంత మందం కావాలక్కా?

బారువ అక్క:
రెండంగుళాలవి రెండు తెచ్చుకో తమ్ముడూ. కిందది పొడుగ్గా, పైది పొట్టిగా ఉంటే చక్రం మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. టైరు కన్నా వెడల్పుండేలా చూసుకో.