క్యూబా ఆకు లేని బ్లెండ్: సిగార్ సగానికి రాగానే చేదెక్కుతోంది

ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాను. ఆకు కొని ఇంట్లోనే సిగార్లు చుట్టుకుంటాను. 1962 నాటి ఆంక్షల వల్ల క్యూబా పొగాకు ఇక్కడ దొరకదు. 2020 నుంచి ప్రయాణికులు సామానులో తెచ్చుకోవడం కూడా బంద్. దొంగదారి సలహాలు మాత్రం దయచేసి వద్దు. క్యూబా విత్తనంతో బయటి దేశాల్లో పండిన ఆకుతోనే ఆ మట్టివాసన, దేవదారు రుచి రప్పించాలని నా పట్టుదల.

ఇప్పుడు కలుపుతున్న పాళ్లు: డొమినికన్ పిలోటో కుబానో (క్యూబా విత్తనపు రకం) సెకో రెండు సగం ఆకులు, నికరాగువాలోని హలాపా వీసో ఒకటి, అదే దేశంలోని ఎస్తెలీ లిహేరో ఒక పావు. (సెకో, వీసో, లిహేరో అంటే మొక్కలో కింది నుంచి పైకి వరుసగా కోసే ఆకులు; లిహేరో అన్నిటికన్నా పైది, ఘాటైనది.) బైండర్ (లోపలి ఆకుల్ని చుట్టి పట్టి ఉంచే ఆకు) ఇండోనేషియాది, పైఆకు ఈక్వడార్ హబానో (క్యూబా విత్తనపు రకం). పొడవు 5 అంగుళాలు, 50 రింగ్ (లావు, అంగుళంలో 64వ వంతుల లెక్కన). చుట్టాక 65 శాతం తేమలో నెల రోజులు ఉంచుతాను.

మొదటి రెండు అంగుళాలు చాలా బాగుంటుంది. ఆ తర్వాత నాలుక మీద చేదు, గొంతులో మంట. బూడిద రాల్చి చూస్తే అంచు కాలిపోయి ఉంటుంది, నడిమధ్య లిహేరో మాత్రం నల్లగా, సగమే కాలి, మొనలా పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

తేమ 62కి దించాను, మంట కాస్త సమంగా సాగింది కానీ చేదు పోలేదు. వదులుగా చుట్టినా అంతే. లిహేరో పూర్తిగా తీసేస్తే చేదు పోయింది, దాంతోపాటు మట్టివాసనా పోయింది. అది లేకపోతే ఇంత శ్రమా దండగే.

ఎస్తెలీ లిహేరో బదులు, చేదు లేకుండా ఆ మట్టివాసన ఇచ్చే ఆకు ఏ దేశానిది, ఏ కోతది వేయాలి?